పదకొండు డబ్బాలు, ఒక్క పెద్దమనిషి

బుధవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. నంద్యాలలో మా ఉమ్మడి ల్యాబ్ మీటింగు గదిలో గోడ గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంది కాబట్టి నిమిషంతో సహా చెప్పగలను. రుద్రవరం నుంచి వచ్చిన పెద్ద నర్సన్న మొదటి వరసలోంచి లేచి, అప్పుడే కప్పిన శాలువను భుజం మీద సర్దుకుని, "ఆ పదకొండు డబ్బాలూ నావే సార్" అన్నాడు.

ఆ సమయానికి తెర మీద ఆ పదకొండు డబ్బాల లెక్కలే ఉన్నాయి. తెర పక్కన శిరీష నిలబడి ఉంది. పదకొండు ఇళ్ల నుంచి పదకొండు మంది ఇచ్చిన మలం అని నమ్మి, దాని మీద ఆమె థీసిసు మొత్తం రాసింది. గడువు అప్పటికే మూడుసార్లు పెంచారు. నాలుగోసారి పెంచరని కాగితం కూడా వచ్చింది.

నేను ఆ ల్యాబులో పద్నాలుగేళ్లు పనిచేశాను. మొదట ఊడ్చాను, తర్వాత సీసాలు కడిగాను, చివరికి ఐస్ పెట్టె పట్టుకుని ఊళ్లు తిరిగి నమూనాలు తెచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మెషిన్ల గురించి చెప్పడానికి మీకు చాలామంది ఉంటారు. డబ్బా ఇంటి గడప దాటి బయటికి ఎట్లా వస్తుందో చెప్పేవాళ్లు ఉండరు. మెషిన్ ఎప్పుడూ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ దానికి ఎవరిది పెట్టామో అది అడగదు కదా.

మర లాంటి పని

ఉమ్మడి ల్యాబ్ అంటే ముందు చెప్తాను. దానికి సొంత ప్రశ్న అంటూ లేదు. ఒక కాలేజీ వాళ్లు మనుషుల పేగుల్లో ఏయే సూక్ష్మజీవులు ఉన్నాయో తెలుసుకోవాలంటారు. ఇంకొక చోటి వాళ్లు, మనం తిన్న జొన్న రొట్టెను ఆ జీవులు ఏయే ఆమ్లాలుగా, రసాయనాలుగా మారుస్తున్నాయో చూడాలంటారు. ఎవరికి వాళ్లు మెషిన్లు కొనుక్కోలేరు. కాబట్టి అందరూ మా దగ్గరికే తెస్తారు. పిండి మర లాగ అనుకోండి. ఒకరు జొన్నలు తెస్తారు, ఒకరు కొర్రలు, ఒకరు మిరపకాయలు. మర ఆడించేవాడు చూసుకోవలసింది ఒకరి పిండి ఇంకొకరి దాంట్లో కలవకుండా. జొన్నలు ఎవరి చేలో పండాయో మరవాడు అడగడు. మేమూ అడగలేదు. మా గోతి మేము అక్కడే తవ్వుకున్నాం.

ల్యాబుకు పెద్ద సుదర్శనం సార్. చాలా చదివిన మనిషి, చెడ్డవాడు కాదు. కానీ మలం అనే మాట ఆయన నోటి నుంచి రాదు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నేను వినలేదు. "మెటీరియల్" అనేవాడు. మలం మీద పరిశోధన చేసే ల్యాబుకు ఆ మాటంటే సిగ్గుపడే మనిషి పెద్దగా ఉండటం ఎట్లాంటిదంటే, చెప్పుల షాపు పెట్టుకుని ఎవరి కాళ్ల వైపూ చూడనట్టు.

రుద్రవరంలో శిరీష పని మొదలైన రోజు ఈయనే వచ్చి వీధి వాళ్లను కూర్చోబెట్టి అరగంట మాట్లాడాడు. మానవ దేహం, ఆహారం, అదృశ్య ప్రపంచం, గ్రామీణ భారతం, అన్నీ వచ్చాయి. అసలు సంగతి రాలేదు. జనం బాగా చప్పట్లు కొట్టారు. కొట్టి, కొళాయి నీళ్లు రోజూ ఎప్పటి నుంచి వదుల్తారని అడిగారు. ఆయన నా వైపు చూశాడు. నేను లేచి, "దొడ్డికి పోయినాక రవ్వంత ఈ డబ్బాలో వేసి ఇయ్యాల. నెలకొకసారి, ఇంటికొకరు" అన్నాను. వెంటనే అర్థమయింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక పెద్దామె, "దీనికి అరగంట చెప్తారా నాయనా" అంటూ లేచిపోయింది.

ఈ పనిలో ఉండేవాళ్లు ముందు ఆ మాట నోరారా అనడం నేర్చుకోండి. అనలేని వాళ్లు వేరే పని చూసుకోండి.

నా చదువు

నేను నలభై ఆరేళ్లకు చదువు నేర్చుకున్నాను. అంతకు ముందు నాకు మూతల రంగులే అక్షరాలు. ఎర్ర మూత రుద్రవరం, నీలి మూత ఆళ్లగడ్డ, పచ్చ మూత పగిడ్యాల. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒకసారి సరుకు పంపేవాళ్లు అన్నీ తెల్ల మూతలే పంపారు. నలభై తెల్ల మూతల ముందు నిలబడి, బాత్రూముకు పోయి ఏడ్చాను.

మెటాబొలైట్ల మెషిన్ నడిపే ఖాజా ఆ రోజు నన్ను పట్టుకున్నాడు. మెటాబొలైట్లు అంటే పేగుల్లో తయారై మిగిలిన రసాయనాలు. వాటిని కొలిచే మెషిన్ దగ్గర ఆయన రోజంతా కూర్చుంటాడు.

"ఏందక్కా, కండ్లు ఎర్రగుండాయి?"

"దుమ్ము పడింది."

"ఏసీ రూములో దుమ్ము యాడిది? చదువు రాదు గదా నీకు?"

"రాదు."

"రాదంటే రాదని చెప్పాల గానీ ఏడిస్తే వస్తాదా? కూచో ఈడ."

ఆయన నాకు మొదట నేర్పింది అ, ఆలు కాదు. డబ్బాల మీద ఉండే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి, ఇళ్లలో నింపే ఫారం చూసి. నా వాచకం ఆ ఫారమే. నా జీవితంలో నేను కూడబలుక్కుని మొదట చదివిన పూర్తి వాక్యం, "మలం గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" దాన్ని చదివిన రోజు ఖాజా నాకు మిఠాయి కొనిపెట్టాడు. ఇంటికి పోయి మా ఆయనకు చదివి వినిపిస్తే, బైబిలు చదువుతావేమో అనుకుంటిని అన్నాడు. బైబిలు తర్వాత చదివాను. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లు ప్రతి అక్షరమూ చూస్తారు. అది నాకు గర్వం. ఆ గర్వమే ఒక చోట నన్ను దెబ్బ కొట్టింది. రాసి ఉన్నదంతా చదివాను కదా, ఇంకేముంటుందిలే అనుకున్నాను.

ఆ ఫారంలో నలభై ప్రశ్నలున్నాయి. ఏం తింటారు, ఎన్నిసార్లు పోతారు, ఏ మాత్రలు మింగుతారు, ఇంట్లో గొడ్లున్నాయా. నలభైలో ఏ ఒక్కటీ "ఇది మీదేనా?" అని అడగదు.

ఏడు గంటల రూలు

రూలు ఏమిటంటే, మలం ఎప్పుడు వచ్చినా ఒక గంటలోపల ఐసులోకి చేరాలి. పొద్దున వస్తే పొద్దున, మధ్యాహ్నం వస్తే మధ్యాహ్నం. తేవడానికి పోయిన మనిషి ఊళ్లోనే ఉండి ఎదురుచూడాలి.

నేను ఎదురుచూడలేదు. రుద్రవరం నుంచి ఆళ్లగడ్డకు ఏడున్నరకు ఒక బస్సు ఉంది. అది పోతే మళ్లీ ఎప్పుడో. ఆళ్లగడ్డలో దిగి, సోడాల షాపులో ఐసు మార్చుకుని, బొమ్మలు చెక్కేవాళ్ల షెడ్ల పక్కన నీడలో నిలబడి నంద్యాల బస్సు ఎక్కాలి. ఎండ ముదిరితే ఐసు నిలవదు. బస్సులో నా పెట్టె చూసి ప్రతిసారీ ఎవరో ఒకరు పుల్ల ఐసు ఎంత అని అడిగేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి ఇవ్వకపోతే మూత తీసి తనే తీసుకుంటానన్నాడు. తీసుకోమన్నాను. తీసి చూసి, తర్వాతి స్టేజీలో దిగిపోయాడు.

అందుకని రూలు నేనే మార్చేశాను. "ఏడు గంటలకు డబ్బా గడప మీద ఉండాల. లేకుంటే పేరు కొట్టేస్తా" అని ఇంటింటికీ చెప్పాను. పేరు కొట్టేస్తే ఆ ఇంటివాళ్లకు ఉచితంగా చేసే రక్తపరీక్షలు ఆగిపోతాయి. ఇది ఎవరూ చెప్పమని చెప్పలేదు. నా బస్సు కోసం నేను పెట్టిన రూలు.

దాంతో ఏడు గంటలకల్లా పదకొండు గడపల మీద పదకొండు డబ్బాలు. ఎనిమిది నెలలు ఒక్కటి కూడా తప్పలేదు. నంద్యాలలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. పగిడ్యాలలో నాలుగు డబ్బాలు రావడానికి నానా తంటాలు పడుతుంటే రుద్రవరంలో పదకొండుకు పదకొండు ఎట్లా తెస్తున్నావని అడిగారు. "చెప్పే పద్ధతిలో చెప్పాల" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. ఏ ఊళ్లోనైనా అన్ని డబ్బాలూ వేళకు వచ్చాయంటే సంతోషపడకండి, కూర్చుని ఆలోచించండి.

వీధికి ఒక్కటే కడుపు

శిరీషది పగిడ్యాల. వాళ్ల నాయన బడిలో పంతులు. ఆ పిల్ల నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. మధ్యాహ్నం అన్నం మాతోనే కూర్చుని తింటుంది. ఆమె ప్రశ్న ఒక్కటే: ఒకే వీధిలో ఉండి, ఒకే తిండి తినేవాళ్ల పేగుల్లో జీవులు ఒకే రకంగా ఉంటాయా? నాలుగేళ్లు దీని మీదే ఉంది. మొదటి మూడేళ్లు ఊరూరా తిరిగినా ఏమీ తేలలేదు. ఎవరి కడుపు వాళ్లదే.

రుద్రవరం లెక్కలు వచ్చిన రోజు శిరీష కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. పదకొండు మందివీ ఒకటే. కొంచెం అటూ ఇటూ తేడాలున్నాయి గానీ, ఆ తేడాలను పొరపాట్ల కింద తీసేశారు. సుదర్శనం సార్ ఆ రోజు ల్యాబులో అందరికీ టీ తెప్పించాడు. "ఎనిమిది నెలలుగా ఒక వీధికి ఒకే పేగు" అని ఆయనే పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నమూనాలో ఇచ్చిన మనిషి జన్యువులు కూడా రవ్వంత వస్తాయి. మాకు కావలసింది సూక్ష్మజీవులు కాబట్టి, కంప్యూటరు మనిషివన్నీ ముందే ఏరి అవతల పారేస్తుంది. ఎవరిదో చెప్పగల ముక్క అదొక్కటే. దాన్ని మేమే శ్రద్ధగా పారబోసి, మిగిలింది పట్టుకుని టీ తాగాం.

ముడి ఖాజా దగ్గర పడింది. ఆయన మెషిన్‌లో పదకొండు నమూనాల్లోనూ షుగర్ జబ్బుకు మింగే మాత్ర కనిపించింది. ఆ పదకొండు మందిలో ఒకరు, ఆ వీధిలోనే ఉండే సరోజమ్మ మనవరాలు, ఏడేళ్ల పిల్ల.

"సార్, ఏడేండ్ల పాపకు షుగర్ మాత్ర ఎట్లొచ్చింది సార్?" అని ఖాజా అడిగాడు.

సార్ కాసేపు కళ్లు మూసుకుని, "నీళ్లు" అన్నాడు. ఎవరో మాత్రలు నీళ్లలో పారేస్తున్నారని, అది వీధంతా తాగుతోందని. నేను పోయి కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, బిందెలో నీళ్లు విడివిడిగా పట్టుకొచ్చాను. వాటిలో ఏమీ లేదు. అప్పుడు సార్, "పాలు" అన్నాడు. ఆ వీధిలో పాలిచ్చేది ఒకటే మేక. మేక మాత్రలు తింటోందని, దాని పాలు పిల్లలు తాగుతున్నారని. నేను మళ్లీ రుద్రవరం పోయి మేక పెంటికలు డబ్బాలో వేసుకొచ్చాను. డబ్బా మీద చీటీ రాయాలి కదా. ఫారం తీసి మేక పేరు, వయసు, వృత్తి నింపాను. వృత్తి దగ్గర "మేయడం" అని రాశాను. మేకకు షుగర్ లేదు.

మేక విషయం తేలిన రోజే నేను పాత కట్ట విప్పి చూశాను. ఫారాలన్నీ నేనే నింపాను. ఆ వీధిలో షుగర్ మాత్ర మింగుతున్నానని రాయించినవాడు ఒక్కడే, పెద్ద నర్సన్న. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. జీవితమంతా వేళకు బతికినవాడు.

శనివారం

ఆ నెల డబ్బాలు తెచ్చే రోజు శనివారం వచ్చింది. బుధవారం మీటింగుకు ఇంక నాలుగు రోజులు. నేను ముందు రోజే రుద్రవరం పోయి మా చిన్నమ్మ ఇంట్లో ఉండి, ఏడుకు పోవలసినదాన్ని అయిదున్నరకే ఆ వీధికి పోయాను.

నర్సన్న ఇంటి పిట్టగోడ మీద పదకొండు డబ్బాలు మూతలు తీసి వరసగా ఉన్నాయి. ఆయన స్నానం చేసి, ఉతికిన పంచ కట్టుకుని, చెక్క గరిటెతో ఒక్కో దాంట్లో వేస్తున్నాడు. టికెట్లు కొట్టినట్టు, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ లేకుండా.

"ఏంది నర్సన్నా ఇది?"

"ఏముండాది, పంచుతాండా. ఏడుకని అయిదున్నరకే వస్తివేందమ్మా? ఇంగా నాలుగుండాయి, నిలబడు."

"ఇవన్నీ ఎవురివి?"

"డబ్బాలు వాళ్లవి. లోపలిది నాది."

నేను ఐస్ పెట్టె కింద పెట్టాను.

"ఎప్పట్నుంచి ఈ పని?"

"మొదట్నుంచీ అంతే. మొదటి నెల తెల్లారేసరికి సరోజమ్మ వచ్చి అడిగె. ఆమె ఎనకాలే నలుగురు. ఆ పూటకే వీధి వీధే. అడిగినోళ్లకు లేదనేదెట్ల? నాకేమన్నా కరువా?"

ఇంతలో సరోజమ్మ పళ్లు తోముకుంటూ వచ్చింది, తన డబ్బాలు రెండూ తీసుకుపోవడానికి. ఒకటి ఆమెది. రెండోది అదే ఇంట్లో వేరు పొయ్యి పెట్టుకున్న కోడలిది, అది మనవరాలి పేరున ఉంది. నన్ను చూసి ఏమీ తడబడలేదు.

"సరోజా, ఇది మీదే ఇయ్యాల గదా?"

"నువ్వే గదక్కా ఏడు గంటలకు లేకుంటే పేరు కొట్టేస్తానంటివి. ఏడు గంటలకు రమ్మంటే వస్తాదా అది? అదేమన్నా బస్సా?"

"రాకుంటే పక్కింట్లో అడుక్కుంటారా?"

"పెరుక్కు తోడు లేకుంటే యాడ అడుగుతాం? పక్కింట్లోనే గదా. ఒగ చుక్క ఇచ్చినంత మాత్రాన వాళ్లకు తక్కువైతాదా, మనకు పెరుగు కాకుండా పోతాదా?"

"ఇది పెరుగు కాదే తల్లీ."

"ఏదైతేనేంలే. అందరం తినేది అదే జొన్నరొట్టె, అదే పుంటికూర, అదే శెనిక్కాయల ఊరిమిండి. ఇంగ తేడా యాడ వస్తాది? నువ్వే చెప్పు."

శిరీష నాలుగేళ్లుగా రుజువు చేయాలని చూస్తున్న సంగతిని సరోజమ్మ పళ్లు తోముకుంటూ నమ్మేసింది. నమ్మకం ఉంది కాబట్టే అన్నీ ఒకరివే ఇచ్చింది. అన్నీ ఒకరివే వచ్చాయి కాబట్టి వీళ్లకు రుజువు దొరికింది. ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. ఇంకా చెప్పాలంటే, ఇంత మర్యాదస్తులను నేను వేరే ఊళ్లో చూడలేదు.

"పాపదన్నా పాపది ఇయ్యకూడదా?"

"దాన్ని పొద్దున్నే లేపితే ఊరంతా ఏడుస్తాది. అన్నకు ఒగ డబ్బా ఎక్కువా తక్కువా?"

"ఏం కాదులే, రానీ" అన్నాడు నర్సన్న పెద్ద మనసుతో.

పదకొండు డబ్బాలూ ఐస్ పెట్టెలో పెట్టుకుని ఏడున్నర బస్సే ఎక్కాను. ఏం చేయాలో తోచక, ప్రతినెలా చేసిన పనే చేశాను.

నోరు మూసుకున్న నాలుగు రోజులు

నన్ను అందరూ మొహం మీద మాట్లాడే మనిషి అంటారు. సుదర్శనం సార్ ప్యాంటు జిప్పు తెరిచి ఉంటే మీటింగులో చెప్పింది నేనే. అట్లాంటిదాన్ని శనివారం నుంచి బుధవారం వరకు నోరు మెదపలేదు.

చెబుదామని సోమవారం శిరీష దగ్గరికి పోయాను. ఆమె థీసిసు కట్ట ముందు పెట్టుకుని, మొదటి పేజీలో వాళ్ల అమ్మానాన్నల పేర్లు రాసిన చోట చూసుకుంటోంది.

"పెద్దమ్మా, నీ పేరు గూడ ఏసినా చూడు. నువ్వు లేకుంటే ఇది లేదు."

చూశాను. నేను చదవగలను కదా. ఎస్తేరమ్మ అని స్పష్టంగా ఉంది. నేను లేకుంటే అది లేదన్న మాట మాత్రం అక్షరాలా నిజం. నీళ్లు తాగి వెనక్కి వచ్చేశాను. ఈ పిల్ల ఇప్పుడు ఆగిపోతే మళ్లీ మొదలు పెట్టనివ్వరు, పగిడ్యాలకు పోయి కూర్చోవాలి. ఎవరికీ తెలియకుండా పోతే ఎవరికి నష్టం అనుకున్నాను. పరిశోధనల పత్రికలో అచ్చయితే ఎవరు చదువుతారులే అనుకున్నాను.

ఇది నా వృత్తిలో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు. ఏడు గంటల రూలు తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. ఆ పిల్ల మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నాను గానీ, ఆ రూలు ఎవరిదో బయట పడుతుందన్న భయం కూడా దాంట్లో సగం ఉంది. నేను ముందే చెప్పి ఉంటే ఆమె తలుపు మూసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. చెప్పకపోవడం వల్ల జరిగింది అందరి ఎదుటా జరిగింది.

బుధవారం

థీసిసు ఇచ్చే ముందు అందరి ముందు ఒకసారి చెప్పి, ఒప్పించుకోవాలి. దానికి బయటి నుంచి కమలాదేవి మేడం వచ్చింది. బాగా పెద్దావిడ, తక్కువ మాట్లాడుతుంది. సుదర్శనం సార్ దాన్ని సన్మాన సభ చేసేశాడు. రుద్రవరం వీధి వాళ్లను జీపులో పిలిపించాడు. వీధి పెద్దగా నర్సన్నకు శాలువ కప్పాడు.

శిరీష బాగా చెప్పింది. మేడం ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఈ ఏడేళ్ల పాప నమూనాలో షుగర్ మాత్ర ఉందే, ఎందుకు?"

శిరీష సార్ వైపు చూసింది. సార్ లేచి నీళ్ల గురించి, మేక గురించి చెప్పి, పరిశోధన కొనసాగుతోందన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆగలేదు. వీధి వాళ్ల వైపు తిరిగి, తెలుగులో, "పదకొండు ఇళ్లు, ఒకే కడుపు. ఇట్లాంటి వీధి దేశంలో ఇంకొకటి దొరకదు" అని మెచ్చుకున్నాడు.

అప్పుడు నర్సన్న లేచాడు. సన్మానం చేసినప్పుడు రెండు మాటలు మాట్లాడాలని ఎవరో చెప్పి పంపారట.

"ఆ పదకొండు డబ్బాలూ నావే సార్. ఎనిమిది నెలల్నుంచి ఒగ నెల గూడ తప్పలే."

సార్ చప్పట్లు కొట్టి మేడంతో అన్నాడు: "పెద్దాయన వీధినంతా తన కుటుంబంలాగ చూసుకుంటాడు మేడం."

"కుటుంబం గాదు సార్," అన్నాడు నర్సన్న, "దొడ్డికి. దొడ్డికి పోయింది నాది. డబ్బాలు వాళ్లవి."

"పాపదో?" అని ఖాజా అడిగాడు, వెనక నుంచి.

"పాపది గూడ నాదే నాయనా. షుగర్ మాత్ర రెండుపూటలా మింగుతా, డాక్టరు చెప్పినట్టే."

సరోజమ్మ ఒక్కతే తల ఊపుతోంది, అన్న బాగా మాట్లాడాడని. సార్ నోరు తెరిచి మూశాడు. ఆయనకు కావలసిన మాట ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. శిరీష చేతిలో ఎర్ర లైటు ఉంటుంది కదా, తెర మీద చూపించేది, ఆ ఎర్ర చుక్క ఒకే చోట నిలబడిపోయింది.

ఆమె తెర వైపు చూడలేదు, సార్ వైపు చూడలేదు. తలుపు దగ్గర కూర్చున్న నా వైపు చూసింది.

"నీకు తెల్సా పెద్దమ్మా?"

"తెల్సు. శనివారం నుంచి."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

లైటు ఆర్పి బల్ల మీద పెట్టింది. తెర దగ్గర నుంచి దిగి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని నర్సన్న ఎదురుగా కూర్చుంది. కార్యక్రమం అచ్చు వేసిన కాగితాన్ని వెనక్కి తిప్పింది.

"తాతా, ఎన్ని గంటలకు పంచుతాంటివి?"

"అయిదున్నర. ఒగ నిమిషం అటూ ఇటూ గాదు."

"పెద్దమ్మ వచ్చేది ఏడుకు. అంతసేపు ఎవరి డబ్బా యాడ ఉండేది?"

నర్సన్న ఒక్క ఇల్లూ మర్చిపోలేదు. కండక్టరు చేసినవాడు కదా, ఎవరు ఏ సీటో ఆయనకు గుర్తు. సరోజమ్మది తూర్పు గోడ మీద, ఎండ పొడ తగిలే చోట. టైలరు ఇంటివాళ్లది ఫ్రిజ్‌లో, పాల పాకెట్ల వెనక. ఇద్దరివి నీళ్ల కుండ పక్కన చల్లని ఇసకలో. ఒకరిది తడి గోనెపట్ట కింద. ఒకరిది మూత సరిగా పట్టక చీమలు పడుతున్నాయని ఉట్టి మీద. సరోజమ్మ మధ్యలో, "ఎండాకాలం మాది గూడ ఫ్రిజ్‌లోనే పెట్టిస్తిమి కదన్నా" అని సరిదిద్దింది. శిరీష అన్నీ రాసుకుంది. ఖాజా ఎప్పుడు లేచి పోయాడో, కొంచెం తేడాలని ముందు తీసేసిన లెక్కల కాగితాలు పట్టుకొచ్చాడు. ఇద్దరూ వేలు పెట్టి వరసలు పోల్చారు. గోడ మీద ఎండలో ఉన్న డబ్బాలో ఒక ఆమ్లం పెరిగింది. ఫ్రిజ్‌లో పెట్టినదాంట్లో పెరగలేదు. నెల నెలా అంతే, ఎండాకాలం సరోజమ్మది ఫ్రిజ్‌లో ఉన్న నెలల్లో తప్ప.

కమలాదేవి మేడం కుర్చీ వాళ్ల దగ్గరికి జరుపుకుంది. "ఒకే మనిషిది, ఒకే గంటకు తీసింది, పదకొండు చోట్ల పెట్టి, ఎనిమిది నెలలు. నువ్వు కావాలని అడిగి ఉంటే ఏ ఊరివాళ్లూ చేసి పెట్టేవాళ్లు కాదమ్మా" అన్నది. తర్వాత, "ఈ థీసిసు మాత్రం నేను ఒప్పుకోను. ఇది చించేసి ఇంకొకటి రాయి. గడువు సంగతి నేను మాట్లాడతాను" అన్నది.

శిరీష చించేసింది. అక్కడే కాదు, పగిడ్యాలకు పోయి వచ్చిన తర్వాత. ఇంటి నుంచి ల్యాబు చేరేలోపల నమూనా ఎంత మారుతుంది అన్నది ఆమె కొత్త ప్రశ్న. ఏడాదిన్నర పట్టింది. ఆమె నాతో మామూలుగా మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. ఫారంలో నలభై ఒకటో ప్రశ్న, "ఇది మీదేనా?" అన్నది, నేను రాసిన ప్రశ్న. నేను ల్యాబులో సొంత చేతితో రాసి మిగిల్చిన ఒకే వాక్యం అది. నేను దిగిపోయే దాకా ఆ ప్రశ్నను నేనే అడిగాను, నవ్వకుండా. బస్సు పోతే పోనిచ్చి, రోజంతా అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. మీరూ అంతే చేయండి. తెలిసిన తప్పును ఎవరి మంచి కోసమో దాచిపెట్టకండి. ఆ మంచి ఎవరిదో మీకు సరిగ్గా తెలియదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు: ముందు వరసలో కమలాదేవి మేడం, ఆమె పక్కన నీళ్ల గ్లాసు పట్టుకుని సుదర్శనం సార్. భుజాన శాలువతో రుద్రవరం పెద్ద నర్సన్న. అన్న మాటకు తల ఊపుతూ సరోజమ్మ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మనవరాలు. వెనక గోడకు ఆనుకుని ఖాజా. తెర పక్కన శిరీష. తలుపు దగ్గర, ఖాళీ ఐస్ పెట్టె మీద, అంతా తెలిసి కూర్చున్న నేను, ఎస్తేరమ్మ.